అత్తగారు కరవలేదు

"సంకెళ్ళు కూడా తెచ్చావా?" అంది వదిన, జీపు దిగుతున్న ఇన్‌స్పెక్టరుతో.

"డ్యూటీ వదినా. ఈసారి మీరు మధ్యలోకి రాకండి."

"మధ్యలోకి రావడం లేదయ్యా. నీకంటే ముందే వచ్చాను."

ఆమె అతనికి సొంత వదిన. మరిది అన్న మొహమాటం లేకుండా మూడు కేసుల్లో అతనికంటే ముందు దొంగను పట్టుకోవడం వల్ల, ఇప్పుడు స్టేషన్ మొత్తం ఆమెను వదిన అనే పిలుస్తుంది. ప్రైవేట్ డిటెక్టివ్‌గా ఆమెకు లైసెన్సు ఉంది, ఆఫీసు లేదు. స్టవ్వుకీ కిటికీకీ మధ్యనున్న బల్ల మీద కూరగాయలు పక్కకు జరిపితే అదే ఆఫీసు.

ఇవాళ ఆ బల్ల దగ్గరికి పొద్దున్నే ఏడ్చుకుంటూ వచ్చింది పక్కింటావిడ. ఆవిడ కూతురు గుర్రాల డాక్టరు. ఇప్పుడు వాళ్ళున్న ఈ గుర్రాల ఫారంలో ఆడగుర్రాలను ఎదకు తెప్పించి, చూలు కట్టించే పని ఆ అమ్మాయిదే. మధ్యాహ్నంలోగా ఆ అమ్మాయిని అరెస్టు చేస్తారట. చేస్తే ఉద్యోగం మాట అలా ఉంచి, డాక్టరు పట్టా కూడా పోతుంది.

డాక్టరమ్మాయి గుర్రపుశాల ముందు బోర్లించిన బక్కెట్ మీద కూర్చుని ఉంది. రాత్రంతా నిద్రలేని ముఖం.

"సోమవారం నుంచి చెప్పు," అంది వదిన ఆమె ఎదురుగా ఇంకో బక్కెట్ బోర్లించుకుని.

"సోమవారం సాయంత్రం అత్తగారిని స్కాన్ చేశాను ఆంటీ..."

"మీ అత్తగారినా? నీకింకా పెళ్ళే కాలేదు కదా!"

ఆ పరిస్థితిలోనూ డాక్టరమ్మాయికి నవ్వొచ్చింది. "గుర్రం పేరు ఆంటీ. ఎవరు దగ్గరికెళ్ళినా కరుస్తుందని అందరూ అలా పిలుస్తారు."

అత్తగారు సామాన్యురాలు కాదు. ఒకప్పుడు పరుగు పందేల్లో దాని వెనక వచ్చిన గుర్రాలన్నీ దాని తోక తప్ప ముఖం చూసి ఎరగవు. ఇప్పుడు వయసు మీద పడింది. ఈ ఏడు చూలు కడితే కట్టినట్టు, లేకపోతే లేనట్టే. ఈ ఫారం ఇద్దరు అన్నదమ్ములది. తండ్రి పోయాక పంపకాలు జరిగాయి. శాలలూ మైదానాలూ తమ్ముడు చిన్నయ్యగారికి వచ్చాయి. అత్తగారు మాత్రం అన్న పెద్దయ్యగారి వాటాకు పడింది. ఇవాళ ఆయన తన మగగుర్రం జమీందారును లారీలో ఇక్కడికే తెచ్చి, అత్తగారితో జత కలిపి దాటించి, రెంటినీ తీసుకెళ్ళిపోవాలని ఏర్పాటు.

"ఎడమ అండాశయంలో నిమ్మకాయంత బుడగ కనిపించింది," అంది డాక్టరమ్మాయి. "అండం ఉండేది అందులోనే. అంత ఎదిగాక హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తే, ఒకటిన్నర రోజుకి కాస్త అటూ ఇటూగా బుడగ పగిలి అండం బయటికొస్తుంది. ఇంజెక్షన్ ఇచ్చాను. అంటే ఈ పొద్దున పగలాలి. ఎలా ఉందో చూద్దామని నిన్న సాయంత్రం మళ్ళీ స్కాన్ చేస్తే, అసలు బుడగే లేదు."

"ముందే పగిలిందేమో?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఎవరూ అడగకపోయినా.

"పగిలితే ఆ చోట దాని గుర్తు ఉంటుంది సార్. అదీ లేదు. రెండు అండాశయాలూ ముడుచుకుని, చలికాలపు నిద్రలో ఉన్నట్టున్నాయి. అసలు ఈ ఏడు మేలుకోనట్టే ఉన్నాయి."

"విన్నారుగా వదినా! మేలుకోని గుర్రానికి మేలుకుందని రాసింది. సీసాలో మందుకు బదులు నీళ్ళు పోసింది. చూలు కట్టకుండా చేసింది. పెద్దయ్యగారు రాత్రే ఫోన్లో కంప్లయింట్ ఇచ్చారు."

"సీసాలో నీళ్ళున్నాయని ల్యాబ్ వాళ్ళు చెప్పారా?"

"వాళ్ళింకా చెప్పలేదు. నేను చెప్తున్నా."

"ఓహో, ల్యాబ్ కూడా నువ్వే పెట్టావన్నమాట," అని వదిన మళ్ళీ డాక్టరమ్మాయి వైపు తిరిగింది. "తప్పుడు పని చేసినదానివి, నిన్న బుడగ లేదని నీ అంతట నువ్వే ఎందుకు చెప్పావు? పగిలిపోయిందని ఒక్క అబద్ధం ఆడితే ఎవరికి తెలిసేది?"

డాక్టరమ్మాయి తెల్లబోయింది. "లేనిది ఉందని ఎలా చెప్తాను ఆంటీ?"

ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకున్నాడు. సమాధానం దొరకనప్పుడు అతను చేసే పని అదే.

"స్కాన్ చేసేటప్పుడు నువ్వెక్కడ నిలబడతావు?"

"వెనక. గుర్రాన్ని చెక్క చట్రంలో నిలబెట్టి, తోకకు కట్టు కడతారు. ఒక చెయ్యి లోపల, కళ్ళు స్క్రీన్ మీద."

"ముఖం చూశావా?"

"ముఖంతో నాకు పనుండదు కదా ఆంటీ."

"తల దగ్గరెవరున్నారు?"

"సోమవారం గుర్రాలను మేపే సాయిసు పట్టుకున్నాడు. నిన్న అతనికి సెలవు. నేను వెళ్ళేసరికే చట్రంలో కట్టేసి ఉంది. దాణా బక్కెట్లో తల పెట్టుకుని తింటోంది. ఇంకో మూడు గుర్రాలు చూడాల్సినవి ఉన్నాయి. సిద్ధంగా ఉంది, చాలనుకున్నా."

"కరిచిందా?"

"ఎవరిని?"

"ఎవరినైనా. నిన్ను, గోడని, బక్కెట్‌ని."

"లేదు. తన్నలేదు కూడా. ఇంజెక్షన్‌కి మెత్తబడిందనుకున్నా."

"ఒక్క ఇంజెక్షన్‌కి అత్తగార్లు మెత్తబడేటట్టయితే, అమ్మాయ్, ఈపాటికి అది ప్రతి ఇంట్లో ఫ్రిజ్‌లో ఉండేది. పద, ఆవిడను నాకోసారి చూపించు."

అంతలో చిన్నయ్యగారే వాళ్ళకు ఎదురొచ్చాడు. చేతిలో టీ ట్రే. యాభై దాటిన మనిషి, మాటలో మర్యాద. పనివాళ్ళంతా చొక్కా చేతులు పైకి మడుచుకుని ఉంటే ఆయన మాత్రం తోలు గ్లవ్స్ వేసుకునే టీ అందించాడు. గ్లాసు జారి ఒలికేట్టుంటే వదిన చప్పున అందుకుంది.

"చలికి వేళ్ళు పట్టేస్తున్నాయమ్మా," అన్నాడాయన నొచ్చుకుంటూ.

"గుర్రాన్ని మీరే పెంచారట కదా?"

"పుట్టినప్పుడు కాలు అడ్డం తిరిగింది. మోచేతిదాకా చెయ్యి పెట్టి నేనే బయటికి లాగాను." ఆ ఒక్క మాట అని ఖాళీ ట్రేతో వెనక్కి తిరిగాడు.

శాలలో మూడో గదిలో ముదురు గోధుమరంగు గుర్రం నిలబడి ఉంది. ఒళ్ళంతా నున్నగా ఉంది. నుదుటి మీద తెల్లటి చుక్క. పైన కప్పు నుంచి దుత్తంత బల్బు ఒకటి వేలాడుతోంది.

"ఇంత బల్బు దేనికి? పుస్తకాలు చదువుకుంటుందా?"

"వసంతం కోసం ఆంటీ," అంది డాక్టరమ్మాయి. తన విద్య సంగతి రాగానే ఆమె గొంతులో వణుకు పోయింది. "చలికాలం పొద్దు చిన్నది కదా. ఆడగుర్రం ఒళ్ళు ఆ వెలుతురు లెక్క చూసుకుని నిద్రపోతుంది. ఎదకు రాదు. అందుకని రెండు నెలలుగా రోజూ సాయంత్రాలు బల్బు వెలిగించి పొద్దు పొడిగిస్తున్నాం. కంట్లో పడిన వెలుతురు మెదడుకి చెప్తుంది, పొద్దు పెరుగుతోంది, వసంతం వచ్చేసింది అని. మెదడు అండాశయాన్ని లేపుతుంది. చలికాలపు బొచ్చు కూడా ముందే రాలిపోతుంది. ఇవన్నీ అయ్యాకే నా ఇంజెక్షన్. అది చివరి మాట మాత్రమే. అంతకుముందు మాటలన్నీ వెలుతురు చెప్పినవే."

వదిన తలెత్తి బల్బు వంక చూస్తూ ఉండిపోయింది. పాతికేళ్ళుగా ఇంట్లో బల్బులు మార్చిన మనిషి. బల్బు వెలిగితే గది కనిపిస్తుందని తెలుసు గానీ, ఒక ప్రాణి లోపల ఋతువు మారుతుందని ఎన్నడూ అనుకోలేదు.

"ఎంత చిత్రం!" అంది చివరికి. "మా ఇంట్లోనూ పదకొండు దాకా బల్బు వెలుగుతూనే ఉంటుంది. మీ అన్నయ్యకి మాత్రం వసంతం వచ్చిన జాడ లేదయ్యా, మరిదీ."

ఇన్‌స్పెక్టరు దగ్గాడు. వదిన అప్పటికే గుర్రం మెడ మీద చెయ్యి వేసింది. కింది నుంచి పైకి, వెంట్రుకలకు ఎదురు నిమిరింది. మళ్ళీ నిమిరింది. వంగి దవడ కిందా, చెవుల లోపలా చూసింది.

"రాలిన బొచ్చు కాదిది. కత్తిరించిన బొచ్చు. సాయంత్రం పూట మగవాళ్ళ గడ్డం లాగా గరగరలాడుతోంది. చెవుల్లోనూ గడ్డం కిందా చూడు, మిషన్ అందని చోట చలికాలం ఇంకా అలాగే ఉంది."

ఆమె చేతిరుమాలు టీలో ముంచి, గుర్రం నుదుటి చుక్కను తడిపి, వెంట్రుకలు పాయలుగా విడదీసింది. గుర్రం కళ్ళు అరమూసి హాయిగా నిలబడింది.

"ఈ చుక్క కింద చర్మం నల్లగా ఉంది. ఉండాలా?"

డాక్టరమ్మాయి ముందుకు వంగి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పుట్టుకతో వచ్చిన తెల్లమచ్చ కింద చర్మం గులాబీరంగులో ఉంటుంది. ఇది రంగు పోగొట్టిన మచ్చ. ఆంటీ, ఇది..."

"ఇది మన పాపాయి అమ్మా," అన్నాడు వెనక నుంచి ఎవరో. సెలవు నుంచి అప్పుడే వచ్చిన సాయిసు. "వెనక మైదానంలో ఉండే ముసలిది. దీన్నెవరు ఇక్కడ కట్టారు? మా అత్తగారేదీ?"



"ఈ అమ్మాయి రెండుసార్లూ నిజమే చెప్పింది," అంది వదిన. "సోమవారం చూసింది అత్తగారిని, నిన్న చూసింది పాపాయిని. ముందున్నవాళ్ళు వెనక చూడరు, వెనకున్న డాక్టరు ముందు చూడదు. నిన్న ఇక్కడ మొత్తం గుర్రాన్ని చూసినవాడు ఒక్కడే. మార్చినవాడు."

డాక్టరమ్మాయి గడియారం చూసుకుంది. "అయితే నా ఇంజెక్షన్ పనిచేస్తూనే ఉంది. అత్తగారు ఎక్కడున్నా, ఈ పొద్దున్నే..."

"ఊళ్ళు దాటిపోయి ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు, చప్పున ఫోన్ తీస్తూ. "దారులన్నీ మూయిస్తా."

"ఆగు. ఇంట్లో చెంచా కనపడకపోతే ముందు గిన్నెల కింద వెతకాలి. ఊరంతా చాటింపు తర్వాత." వదిన సాయిసు వైపు తిరిగింది. "ఏ గుర్రం ఎదలో ఉందో రోజూ మీరెలా తెలుసుకుంటారు?"

"రాయబారిని తిప్పుతామమ్మా. వాడూ మగగుర్రమే. ప్రతి గది ముందూ నిలబెడితే, ఎదలో ఉన్నది తోకెత్తి పలకరిస్తుంది, లేనిది తంతుంది. తన్నులన్నీ వాడివి, పెళ్ళిళ్ళు జమీందారు లాంటివాళ్ళవి."

"పాపం. తీసుకురా వాణ్ణి."

రాయబారి వచ్చాడు. పొట్టి కాళ్ళు, రేగిన జూలు, ఎగుడుదిగుడు నడక. పాపాయి గది ముందు ఆపితే పాపాయి జీవితంలో మొదటిసారి కోపం తెచ్చుకుని తలుపును ఫెడీమని తన్నింది. రాయబారి అసలు అటు చూడనే లేదు. తాడు బిగిసేలా ముందుకు లాగుతూ శాల దాటాడు, నీళ్ళ తొట్లు దాటాడు, గడ్డివాము చుట్టూ తిరిగాడు, తిన్నగా వెళ్ళి వెనక మూల రేకుల షెడ్డు ముందు నిలబడ్డాడు. తలెత్తి, పైపెదవి ముడిచి, గట్టిగా సకిలించాడు. గడ్డివాము నుంచి రేగిన పొట్టు వాళ్ళ వెనక నుంచి వచ్చి షెడ్డు తలుపుకు కొట్టుకుంటోంది. వదిన కళ్ళు నులుముకుంది.

తలుపుకు గొలుసు. మీద ఎర్రక్షరాల బోర్డు: అంటుజబ్బు, లోపలికి రాకూడదు.

"అటు వెళ్ళొద్దు!" చిన్నయ్యగారు పరుగున వచ్చాడు. "కొత్తగా వచ్చిన గుర్రం. జబ్బుది."

"నాకు చెప్పకుండా జబ్బు గుర్రమా?" అంది డాక్టరమ్మాయి.

"చెప్దామనుకునేలోగా ఈ గొడవ."

అంటుజబ్బు అనగానే ఇన్‌స్పెక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. అంతలో లోపల నుంచి బదులొచ్చింది. సకిలింపు కాదది. సన్నగా మొదలై, గొంతు లోపల సుడి తిరిగి, తలుపు రేకు వణికేటట్టు సాగిన పిలుపు. సాయిసు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అత్తగారే."

తాళంచెవి కనిపించడం లేదన్నాడు చిన్నయ్యగారు. జీపులోని ఇనుపకడ్డీతో ఇన్‌స్పెక్టరే గొలుసు తెంచాడు. ఆ ఉదయం అతను చేసిన మొదటి మంచిపని అది. ఫలితం వెంటనే దక్కింది. తలుపు తీసీ తీయగానే ముదురు గోధుమరంగు తల ఒకటి బయటికొచ్చి, అతని భుజం మీది నక్షత్రాలను పళ్ళతో పట్టుకుంది.

"నమస్కారం అత్తగారూ," అంది వదిన.

ఈ గుర్రానికి నుదుట చుక్క లేదు. ఒళ్ళు మాత్రం అద్దంలా ఉంది. ఎటు నిమిరినా జారిపోయే కొత్త బొచ్చు, ఒక బల్బు తెచ్చిన వసంతం. వదిన గాలి పీల్చింది. "చుక్కను కప్పింది జుట్టుకు వేసే రంగు. నాకు బాగా తెలిసిన వాసన. మా ఇంట్లో నెలకోసారి మీసాలకు వేస్తాను." ఇన్‌స్పెక్టరు చెయ్యి మీసం మీదికి పోయింది. "నీది కాదులేవయ్యా, మీ అన్నయ్యది. నీది ఎవరు వేస్తారో నాకు తెలీదు."

డాక్టరమ్మాయికి ఇవేవీ వినిపించడం లేదు. చేత్తో మోసే స్కాన్ మిషన్ తెచ్చి, భుజందాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, అత్తగారి వెనక్కి చేరింది. సాయిసు రెండు చేతులా తల బిగించి పట్టుకున్నాడు. స్క్రీన్ మీద బూడిదరంగు పొగ కదిలింది, కదిలింది, ఆగింది.

"ఉంది," అంది డాక్టరమ్మాయి గుసగుసగా.

పొగ నడుమ నల్లటి బుడగ. గుండ్రంగా లేదు. నీళ్ళు నింపిన సంచి ఒరిగినట్టు ఒక పక్కకు సాగి ఉంది.

"మెత్తబడింది ఆంటీ. ఇక ఏ క్షణమైనా..."

ఆ వాక్యం పూర్తికాలేదు. బుడగ అంచు ఒక చోట చిన్నగా లోపలికి నొక్కుకుంది. ఎవరో వేలితో తాకినట్టు. తర్వాత ఆ నలుపు తొందర లేకుండా సన్నబడసాగింది. గోడలు ఒకదాన్నొకటి చేరుకున్నాయి. చందమామ గ్రహణంలోకి పోయినట్టు బుడగ సన్నని గీత అయింది, ఆ గీతా పొగలో కలిసిపోయింది. ఒక్క చప్పుడు లేదు. అత్తగారు కూడా చెవులు నిలిపి, లోపలి మాట ఏదో వింటున్నట్టు కదలకుండా నిలబడింది.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియదు.

"ఏళ్ళ తరబడి చేస్తున్నా, పగలడం కళ్ళారా చూడటం నాకిదే మొదలు," అంది డాక్టరమ్మాయి. ఆమె చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

వదినకు ఇద్దరు పిల్లలు. రెండు కాన్పులూ, అరుపులూ, ఆస్పత్రి మంచం ఇనుప కమ్మీ, అన్నీ గుర్తే. కానీ అన్నిటికంటే ముందు తన లోపల కూడా ఇలాంటి నిశ్శబ్దం ఒకటి రెండుసార్లు జరిగి ఉంటుందనీ, ఆ నిమిషంలో తను బహుశా గిన్నెలు తోముతూ ఉండి ఉంటుందనీ ఇప్పుడే తట్టింది. ఆమెకు జోకు దొరకలేదు. ఇలా దొరకకపోవడం చాలా అరుదు.

ఆ మౌనాన్ని ఇన్‌స్పెక్టరే పాడుచేశాడు. సంకెళ్ళు తీశాడు. "సరే, డాక్టరమ్మ నిర్దోషి. ఒప్పుకున్నా. గుర్రాలను మార్చింది నువ్వేరా," అని సాయిసు మీదికి వెళ్ళాడు. "సెలవు పేరు చెప్పి..."

"చొక్కా చెయ్యి పైకి లాగు నాయనా," అంది వదిన. సాయిసు లాగాడు. మణికట్టు నుంచి మోచేతిదాకా పళ్ళగాట్లు, కొన్ని పాతవి, కొన్ని సోమవారానివి. "ఏళ్ళుగా మేపుతున్నవాడికి ఆవిడ ఇచ్చిన బహుమానాలివి. మీసానికి రంగు పట్టాలంటేనే అరగంట పడుతుంది. చారెడు చుక్కకు ఎంతసేపు పడుతుందో ఆలోచించు. అంతసేపూ ఈ నోటి ముందు చేతులు పెట్టుకుని నిలబడాలి. ఆవిడ ఈ లోకంలో ఎవరిని కరవదు?"

సాయిసు తల దించుకున్నాడు. జవాబు అత్తగారే చెప్పింది. తాడు వదులు కాగానే అత్తగారు మెడ చాచి, ఇన్‌స్పెక్టరును తోసుకుని, గోడవార నిలబడ్డ చిన్నయ్యగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన అరచేతిని మూతితో పొడిచింది. ఆ చేతిలో ఎప్పుడూ ఉండే చక్కెర బిళ్ళ తోలు వెనక దాక్కుందనుకుందేమో, గ్లవ్ కొసను ముందుపళ్ళతో సుతారంగా పట్టుకుని లాగింది.

గ్లవ్ జారి గడ్డిలో పడింది. వేళ్ళు గోళ్ళదాకా నల్లగా ఉన్నాయి.

"కడిగినా పోలేదు," అన్నాడు చిన్నయ్యగారు ఆ వేళ్ళను చూసుకుంటూ.

"మొదటి రోజు పోదు. నూనె రాయాలి," అంది వదిన మెల్లగా.

"అన్నయ్యకు గుర్రమంటే అలమరాలో పెట్టుకునే పందెం కప్పులు. ఇది ఎటు పక్కకు ఒరిగి పడుకుంటుందో కూడా తెలీదు. పాపాయిని తీసుకెళ్ళినా పోల్చుకోడనుకున్నా. ఇంత త్వరగా మళ్ళీ స్కాన్ ఉంటుందని తెలీదు. రాత్రి నేరం ఈ అమ్మాయి మీదికి వచ్చింది." ఆయన డాక్టరమ్మాయి వైపు చూడలేకపోయాడు. "నోరు విప్పితే ఇది పోతుంది. విప్పలేదు."

"నేను పోయినా ఫరవాలేదనుకున్నారు," అంది డాక్టరమ్మాయి.

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "కేసు అయిపోయింది. పెద్దయ్యగారు వస్తారు, జమీందారుతో దాటిస్తారు, తీసుకెళ్తారు. అండం అప్పటిదాకా ఉంటుందా డాక్టరమ్మా?"

"సాయంత్రం దాకా ఆగుతుంది సార్."

"ఆగదనుకుంటా," అంది వదిన.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె చీర అంచుకు అంటుకున్న గడ్డిపొట్టు దులుపుకుంటోంది.

"గాలి శాల నుంచి ఇటు వీస్తోంది. ఇందాక పొట్టంతా మన వెనక నుంచే వచ్చింది. ఇక్కడి వాసన అక్కడికి ఎలా చేరుతుంది? రాయబారి వాసన పట్టి రాలేదయ్యా. దారి తెలిసి వచ్చాడు." ఆమె అత్తగారి జూలు పక్కకు తీసింది. మెడ మొదట్లో, కొత్త బొచ్చు మీద, రెండు వరసల పళ్ళగాటు. ఇంకా పచ్చిగానే ఉంది. "డాక్టరమ్మా, కరిచే గుర్రాన్ని కరిచిందెవరు?"

డాక్టరమ్మాయి ఆ గాటు చూసింది, నల్లటి స్క్రీన్ చూసింది. "మగగుర్రం దాటేటప్పుడు అక్కడే పట్టుకుంటుంది. ఎప్పుడు, చిన్నయ్యగారూ?"

"నిన్న పొద్దుగూకే వేళ. ఇక్కడున్న మగగుర్రం వాడొక్కడే. దాని పిల్ల ఒక్కటి నా కళ్ళ ముందు పుడితే చాలనుకున్నా. ఎవరి పిల్లైతేనేం."

"అంటే వాడి బీజం రాత్రి నుంచీ లోపలే ఎదురుచూస్తోంది," అంది డాక్టరమ్మాయి. ఆమె గొంతు మళ్ళీ గుసగుస అయిపోయింది. "మనం చూస్తుండగానే అండం దాని దగ్గరికి వెళ్ళింది."

వాకిట్లో రాయబారి పొట్టి కాళ్ళ మీద నిలబడి గడ్డిపరక నములుతున్నాడు. జీవితమంతా తన్నులు తిన్న ముఖంలో ఇప్పుడు చెప్పలేని నిబ్బరం.

గేటు దగ్గర లారీ హారన్ మోగింది. దాని వెనకే, చెక్క గోడలను తన్నుతూ జమీందారు అరుపు. ఆ రెంటినీ మించి పెద్దయ్యగారి గొంతు వినిపించింది, గేటు తీయమని.

ఇన్‌స్పెక్టరు చేతిలోని టోపీని నెత్తిన పెట్టుకుని, సంకెళ్ళను జేబులో దాచుకుని, వచ్చినప్పటి నుంచీ మొదటిసారి చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"వదినా, ఇప్పుడు ఆయనకు ఎవరు చెప్తారు?"